పటిక నీళ్ళతో గీసిన ముఖం

శంఖవేణి నదిలో మోకాళ్ళ లోతున నిలబడి పట్టాభిషేకపు పటాన్ని బండకేసి బాదుతున్న చెంగల్వకు ఆ ఉదయం చేతులు ఆడటం లేదు. ఎలా ఆడతాయి మరి! ఒడ్డు మీద పన్నెండుమంది భటులు బల్లేలు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. బట్ట రెండో కొస పట్టుకున్న ముసలాయన మూడు నెలలు చెరసాలలో మగ్గి ఆ పొద్దున్నే బయటి గాలి పీల్చాడు. ఆయన ఆమె గురువు, ఓబుళాచార్యుడు. కలం పట్టినవాళ్ళలో కుసుంభ రాజ్యమంతటికీ పెద్ద. ఇప్పుడు ఆయన కుడిచేతికి బొటనవేలు లేదు.

ఆ చేతిని చూసినప్పుడల్లా చెంగల్వ చూపు తిప్పుకుంటోంది.

కుసుంభ రాజ్యం సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. దాని రాజధాని రత్నపాళి నగరం. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికో రంగు ద్వారం. మేడల మీద ఆరేసిన అద్దకపు వస్త్రాలు నదీమారుతానికి రెపరెపలాడుతుంటే పసుపు, నీలి, కెంజాయ, పచ్చ కలిసి ఆకాశానికే కోక కట్టినట్టుండేది. అక్కడి రాణులు రత్నాలకన్నా రంగులకే మురిసేవారు. అక్కడి పసివాళ్ళు అమ్మ అనే మాట తరవాత నేర్చుకునే మాట నీలి. అలాంటి దేశంలో నెత్తిన కిరీటం పెట్టుకున్నంత మాత్రాన ఎవడూ రాజు కాడు. అతని రూపాన్ని కలంతో బట్ట మీద గీయాలి. ఆ బట్టను జనమందరి ఎదుటా ఎర్రరంగు దిగే చెట్టువేళ్ళ కషాయంలో ఉడకబెట్టాలి, శంఖవేణి పారే నీళ్ళలో జాడించాలి. నీళ్ళలో రంగు నిలిచిన బొమ్మను చూసి జనం జేజేలు కొట్టినప్పుడే అతను రాజు. ఆ పటం గీసేవాళ్ళ పక్కన కలంపని పెద్ద నిలబడి తీరాలి. ఎంతటివాడైనా ఆచారం తప్పడానికి లేదు. అందుకే ఓబుళాచార్యుణ్ణి చెరనుంచి తీశారు.

ఆ రోజు సూర్యుడు అస్తమించేలోగా యువరాజు హేమాంగదుడి పటం పూర్తి కావాలి.

"గురువుగారూ, ఆ చెయ్యి..." అంది చెంగల్వ.

"బాదు. బాదుతూ విను. దెబ్బ పడ్డప్పుడే మాట్లాడతాను. మధ్యలో నోరు తెరిచావంటే ఇద్దరి తలలూ ఎగిరిపోతాయి."

ధబ్!

"వాడు యువరాజు కాడు."

చెంగల్వ చేతిలో బట్ట జారబోయింది. తిరిగి పట్టుకుని బాదింది.

ధబ్!

"ధూమ్రజటి అనే మాంత్రికుడు. వేటకు వెళ్ళిన మన యువరాజును నది అవతల గుహలో రాతిబొమ్మగా మార్చి, ఆ రూపం తొడుక్కుని వచ్చాడు."

ధబ్!

"కొలతలు తీసుకోమని నన్ను పిలిపించాడు. నా పక్కన రాగిపళ్ళెంలో నీళ్ళున్నాయి. వాడు వంగాడు. నీళ్ళలో యువరాజు ముఖం లేదు. కెవ్వుమన్నాను. మరునాడే దొంగతనం అంటగట్టి బొటనవేలు తీయించాడు. చెరలో నన్ను వెక్కిరిస్తూ ఇదంతా వాడే వాగాడు."

అదీ సంగతి! అంతఃపురంలో అద్దాలన్నీ ఎందుకు పగలగొట్టించాడో, కొలనులన్నీ ఎందుకు పూడ్పించాడో, తాగే నీళ్ళ కుండల మీద కూడా మూతలుండాలని ఎందుకు చాటింపు వేయించాడో చెంగల్వకు ఇప్పుడర్థమైంది. కదలని నీళ్ళు ఆ దుర్మార్గుడి అసలు ముఖాన్ని చూపించేస్తాయి.

ధబ్!

"ఇవాళ ఈ పటం నిలిచిందా, ఆ రూపం వాడికి శాశ్వతం. యువరాజు ఎప్పటికీ రాయే. దానికి ఒకటే విరుగుడు. వాడి అసలు ముఖాన్ని వెయ్యిమంది ఒక్కసారిగా చూడాలి. నువ్వు గీయాలి."

"నేనా!"

"బాదవే!"

ధబ్! ధబ్!

"ఎట్లా గీస్తాను గురువుగారూ? కలం కదిపితే చాలు, నల్లగీత కనబడిపోతుంది. వాడు తల మీదే నిలబడతాడు."

"నల్లరంగుతో గీస్తే కనబడుతుంది. పటిక నీళ్ళతో గీస్తే?"

కలంపనిలో ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు. అవి ఆరితే ఏమీ కనబడవు, బట్ట బట్టలానే ఉంటుంది. ఎర్రవేళ్ళ కాగులో పడి ఉడికాక, పటిక తగిలిన చోటల్లా రక్తంలా ఎరుపు పట్టుకుంటుంది. తక్కిన రంగంతా పారే నీళ్ళలో కొట్టుకుపోతుంది.

"యువరాజు బొమ్మ నల్లగీతతో గీయి. వెనక పెద్ద ప్రభామండలం ఖాళీగా ఉంచు, అంతా ఎరుపు వేస్తానని చెప్పు. ఆ ఖాళీలో పటిక నీళ్ళతో వాడి ముఖం గీయి."

"గీసింది కనబడకుండా ముఖమా? గురువుగారూ, నావల్ల కాదు. గీత గీతకీ వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని నేను. మీరే కదా తిట్టేవారు!"

ఓబుళాచార్యుడు బట్ట మీంచి ఆమె కళ్ళలోకి చూశాడు. కోపమొస్తే కలం విసిరికొట్టే మనిషి. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ముసలి కళ్ళు ఇప్పుడు తడిగా ఉన్నాయి.

"ఈ రేవులోనే కదే, మీ అమ్మ పోలమ్మ బట్టలు ఉతుకుతుంటే నువ్వు తడి ఇసుకలో పుల్లతో హంసను గీశావు. పదేళ్ళదానివి. అది చూసి ఆ రోజంతా నేను కలం ముట్టలేదు, తెలుసా? సిగ్గేసింది. ఈ ముక్క నీకెప్పుడూ చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతావని భయం. నీ చెయ్యికి దారి తెలుసే. దాని దారిన దాన్ని పోనీ. గీసింది తిరిగి చూసుకోకు."

చెంగల్వ చెంపల మీద నీళ్ళు నదివో కంటివో తెలియలేదు.

"ఇంకొక్కటి. నీ రెండో జబ్బు. ఒక కన్ను అందంగా గీసి, రెండోదాన్ని దానికి కవలగా దించేస్తావు. ఏ ముఖానికీ రెండు కళ్ళూ ఒకలా ఉండవని వందసార్లు చెప్పాను. ఆ ముఖమంతా తిట్ల మాటున దాచి నేను చెబుతాను. నా మాట నీకు అందకుండా పోతే, పటిక గిన్నె మూత తీసి నీళ్ళలోకి చూడు. వాడు పక్కన ఉంటే చాలు, నీళ్ళే చెబుతాయి. నుదురు మూడు..."

"ఏయ్ ముసలాడా! ఉతికింది చాలు, పైకి రండి!" అని ఒడ్డునుంచి అరుపు వినబడింది.

రేవు గట్టున పటోత్సవ మండపం ఇంద్రభవనంలా వెలిగిపోతోంది. నలభై చందనపు స్తంభాలు, స్తంభానికో పట్టుపందిరి, పందిరి అంచున వెండిమువ్వలు. నడుమ దంతపు సింహాసనం. దాని మీద మబ్బువన్నె దుకూలం, మెడలో ముత్యాల పేట, పెదవిమీద చిరునవ్వు, చూసినవాళ్ళెవరైనా ఔరా అనే అందం. యువరాజు హేమాంగదుడే అనుకుని చెంగల్వ కూడా ఇన్నాళ్ళూ దణ్ణం పెట్టింది. ఇప్పుడా చిరునవ్వు వైపు చూడకుండా తల దించుకుని నడిచింది.

మండపానికి ఎడమ పక్కన మకర మడుగు. నది మలుపులో కదలిక లేక నిలిచిన నీరు. దాని అడుగున ఎన్ని మొసళ్ళున్నాయో లెక్కపెట్టి వచ్చినవాడు లేడు. మడుగు వైపు తెరలు దించి కట్టించాడు మాయదారి యువరాజు. ఎందుకో మనకు తెలుసు.

పటాన్ని చట్రానికి బిగించారు. కరక్కాయ పసరు, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన బట్ట లేతపసుపుగా మెరుస్తోంది. చెంగల్వ ముందు ఇరుకుమూతి బుడ్డి ఒకటి, గిన్నె ఒకటి. బుడ్డిలో బెల్లపు నీళ్ళలో ఇనుప తుప్పు ఊరవేసి తీసిన నల్లరంగు. గిన్నెలో పటిక నీళ్ళు. దాని మీద మోదుగాకు మూత, మూతలో కలం దూరేంత చిల్లు.

"ఆ మూత కదిలిందో, పిల్లా, నీ చెయ్యి కదలదు" అన్నాడు మాయదారి యువరాజు నవ్వుతూనే. "మా రూపానికి ఒక్క గీత తేడా వచ్చినా నీ గురువు మొసళ్ళ పాలు. మొదలుపెట్టు."

చెంగల్వ కలం నల్లరంగులో ముంచింది. మొదటి గీత బట్టకు తగలగానే నల్లబడి నిలిచింది. రెండో గీత, మూడో గీత. కిరీటం వచ్చింది, విశాలమైన వక్షం వచ్చింది, సింహాసనం కాళ్ళు వచ్చాయి. భయం పోలేదు గాని చెయ్యి దాని దారిన అది పోతోంది. మధ్యాహ్నం తిరిగేసరికి బట్ట మీద హేమాంగదుడు కూర్చుని ఉన్నాడు. రేవు నిండా కిక్కిరిసిన జనం ఆహా అన్నారు. మాయదారి యువరాజు సింహాసనం దిగి వచ్చి చూసి తల పంకించాడు.

"వెనక ఈ ఖాళీ ఏమిటి?"

"ప్రభామండలం ప్రభూ. ఉదయసూర్యుడంత ఎరుపు వేస్తాను. దానికే పటిక పూయాలి."

"మాకు అంత వెలుగుందా?" అని మురిసిపోయాడు. ఎంత మాంత్రికుడైతేనేం, పొగడ్తకు పడనివాడు ఎవడు!

చెంగల్వ కలం మార్చింది. పటిక నీళ్ళ తడి బట్ట మీద మెరిసి, ఎండకు ఆరి, మాయమవుతుంది. వరసగా గీస్తే తడిగీతలు కలిసి ముఖం పట్టిచ్చేస్తాయి. అందుకని ఇక్కడొక ముడత, అక్కడొక చెవి, పైన ఒక వెంట్రుక, ఆరినదాని పక్కన ఆరనిది పడకుండా ముక్కలు ముక్కలుగా గీయాలి. ముఖమంతా తన తలలో ఉండాలి. ఆ ముఖమో, తను ఎన్నడూ చూడనిది!

అప్పుడు అందుకున్నాడు ఓబుళాచార్యుడు.

"ఒసే మొద్దూ! పోయినేడాది రాక్షసుణ్ణి గీసి తగలేశావే, గుర్తుందా? ఆ తప్పులు ఇక్కడ చేశావో నీ తోలు వలుస్తాను! నుదురు మూడు వేళ్ళు పెట్టమంటే రెండే పెట్టావు! కనుబొమలు తేలు కొండిలా పైకి లేపమన్నానా, లేదా?"

జనం నవ్వారు. భటులూ నవ్వారు. చెంగల్వ నవ్వలేదు. మూడు వేళ్ళ నుదురు. తేలు కొండి కనుబొమలు. కలం కదిలింది, తడి మెరిసింది, ఆరిపోయింది.

"ముక్కు నడుమ విరిగి కుడికి వంగాలని మొత్తుకున్నాను. తిన్నగా గీసి చేతిలో పెట్టావు! చెవి కొసలు తెగి ఉండాలి కదే? కింది పెదవి చీలి పంటిమొన కనబడాలి కదే?"

విరిగిన ముక్కు. తెగిన చెవులు. చీలిన పెదవి. నుదుట ముచ్చెమటలు పోసి కళ్ళలోకి కారుతున్నా తుడుచుకునే తీరిక లేదు. తుడుచుకోవలసిన పనీ లేదు, ఎలాగూ చూసి గీస్తున్నది కాదు! ఒక్కసారి మాత్రం అలవాటు చొప్పున తల వెనక్కి తిరగబోయింది. గీసిన చోట ఉత్త బట్టే కదా ఉండేది, దాన్ని చూస్తే గుండె జారిపోతుంది. పళ్ళు బిగబట్టి తల ముందుకే ఉంచింది.

"కుడికన్ను గుడ్లగూబకున్నట్టు గుండ్రంగా పెట్టమంటే చేపకన్ను పెట్టావు, నీ మొహం మండ! ఇక ఎడమకన్నంటావా..."

"ఆపు!"

మాయదారి యువరాజు గొంతు మండపమంతా మారుమోగింది. వెండిమువ్వలు వాటంతటవే గలగలలాడాయి. అతని ముఖంలో చిరునవ్వు లేదు.

"శుభమా అని పట్టాభిషేకం జరుగుతుంటే ఈ రాక్షసుల గోల ఏమిటి? ఎవరి ముక్కురా విరిగింది? ఎవరి చెవులురా తెగాయి?"

ఓబుళాచార్యుడు వెంటనే రెండు చేతులూ జోడించి వణికిపోయాడు. "శిష్యురాలి తప్పులు ప్రభూ! నోటిదురుసు ముసలివాణ్ణి, క్షమించండి!"

"ఆచారం ప్రకారం పక్కన నిలబడ్డావు, చాలు. వీడి నోట్లో గుడ్డ కుక్కి మడుగు గట్టున ఉన్న రాటకు కట్టేయండి. బొమ్మ నీళ్ళలో నిలిచిందా, విప్పుదాం. లేదా, రాటతో సహా లోపలికి తోసేద్దాం."

భటులు ఆయన్ను ఈడ్చుకుపోయారు. నోట్లో గుడ్డ పడేలోగా ఆయన ఒక్కసారి మెడ తిప్పి చెంగల్వ వైపు చూసి, మోదుగాకు మూత వైపు చూశాడు. అంతే. ఆయన వెనకే మడుగు వైపు తెర పడింది.

మాయదారి యువరాజు సరాసరి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. కుంపట్లో జుట్టు కాలినప్పుడు వచ్చే వాసన. పటిక గిన్నె వాళ్ళిద్దరి నడుమా ఉంది. ఆకు ఒక్క వేలితో పక్కకు నెడితే చాలు, నీళ్ళలో ఎడమకన్ను కనబడుతుంది. ఒక్క వేలు!

చెంగల్వ వేలు ఆకు దాకా వెళ్ళింది.

"ఊఁ?" అన్నాడు వాడు వెనకనుంచి.

ఆ ఒక్క అక్షరానికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. వేలు వెనక్కి వచ్చేసింది. కలం మాత్రం గాలిలో ఉంది, బట్ట ఎదురుచూస్తోంది, పొద్దు వాలుతోంది. అప్పుడు చెయ్యి తనకు బాగా తెలిసిన పని చేసేసింది. గుండ్రటి కుడికన్ను పక్కన, అంతే వెడల్పున, అంతే గుండ్రంగా మరో కన్ను గీసేసింది. కవలకన్ను!

పటిక ఆరిపోయింది. గీసినదాన్ని చెరపడానికి లేదు.

కొమ్ములు ఊదారు. ఆరుగురు మోయలేని రాగి కాగు కింద చింతమొద్దులు భగభగ మండుతున్నాయి. అందులో ఎర్రవేళ్ళ కషాయం కుతకుత ఉడుకుతోంది. పటాన్ని మడిచి అందులోకి వదిలారు. కాగు మీద కర్రతెడ్డు తిరుగుతుంటే చెంగల్వ గుండె దానితో పాటు తిరిగింది. పడమట సూర్యుడు నది మీదికి రెండు నిలువుల దూరంలో ఉన్నాడు. పరిచారకులు కర్రలతో పటాన్ని పైకి తీశారు. అది అడుగునుంచి అంచుదాకా ఒకటే ముదురు ఎరుపు ముద్ద. ఏ బొమ్మా లేదు.

"నదిలోకి!" అన్నాడు మాయదారి యువరాజు.

రేవులో నలుగురు నాలుగు కొసలూ పట్టి పటాన్ని పారే నీళ్ళలో పరిచారు. నాలుగో కొస చెంగల్వ పట్టుకుంది. కలంపనివాళ్ళ అలవాటు కొద్దీ నల్లరంగు బుడ్డి ఆమె నడుముకు వేలాడుతోంది, కలం కొప్పులో ఉంది. నీళ్ళు బట్ట మీంచి పరుగెత్తాయి. ఎర్రటి నీరు దిగువకు పాయలు పాయలుగా పోయింది. తెలుపు తేలింది. నల్లటి గీతల్లో హేమాంగదుడు తేలాడు. జనం జేజేలకు నోరు తెరిచారు.

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి.

యువరాజు వెనక, ప్రభామండలమంతా నిండి, నెత్తురు ఎరుపున ఒక మహాముఖం లేచి వస్తోంది. తేలు కొండి కనుబొమలు. విరిగి వంగిన ముక్కు. చీలిన పెదవి, అందులోంచి పంటిమొన. తెగిన చెవులు. ఇంతసేపూ ఉత్తబట్టలో నక్కి ఉన్న ముఖం, కట్లు తెంచుకున్నట్టు బయటపడి వేలమంది కళ్ళలోకి చూసింది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. "ఓరి నాయనో, ఇది మనిషి ముఖం కాదర్రా!" అని ఇంకెవరో అరిచారు.

సింహాసనం మీద కూర్చున్నవాడు లేచి ఒక్క పొలికేక పెట్టాడు. అతని కుడిచెంప మైనంలా కరిగి జారింది. కుడికనుబొమ కొండిలా పైకి లేచింది. కుడిచెవి కొస తెగింది. కుడిభుజం చీల్చుకుని నల్లటి గద్దరెక్క ఒకటి బారెడు పొడుగున పొడుచుకొచ్చింది. భటులు బల్లేలు పారేసి పరుగు లంకించుకున్నారు. కాని ఎడమసగం? ఎడమసగం చెక్కు చెదరలేదు. అదే లేతచెంప, అదే ముత్యాల పేట, అదే అందమైన చిరునవ్వులో సగం.

వాడు తన ఎడమచేతిని చూసుకున్నాడు. పటం వైపు చూశాడు. పకపకా నవ్వాడు.

"కన్ను దగ్గర తప్పావే, పిల్లా! కవలకన్ను గీశావు! సగం రూపం ఇంకా నాదే. వచ్చే పున్నమికి ఆ సగంతోనే తక్కిన సగాన్ని అతికించుకుంటాను. నా ఎడమకన్ను చూసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నాతోనే తీసుకుపోతున్నాను!"

ఒక్క దూకులో మడుగు తెర చింపి, రాటతో సహా ఓబుళాచార్యుణ్ణి పెకలించి చంకన పెట్టుకుని గాలిలోకి లేచాడు ధూమ్రజటి.

నేనే చంపుకున్నాను, ఒక్క ఆకు కదపలేక గురువుగారిని నేనే చంపుకున్నాను అని చెంగల్వ మనసు గోలపెట్టింది. పటం కొస వదిలేసి మడుగు గట్టు దాకా పరుగెత్తి అంచున ఆగింది.

ఒంటిరెక్కతో ఎగిరేవాడికి నిలకడ ఎక్కడిది? ధూమ్రజటి పైకి లేస్తూ, పక్కకు ఒరుగుతూ, మడుగు మీదనే గింగిరాలు కొడుతున్నాడు. ఆ పెనుగులాటలో ముసలాయన నోట్లో గుడ్డ ఊడింది. ఆకాశంలోంచి ఆ గొంతు ఖంగున మోగింది. పాత గొంతే, కలం విసిరికొట్టే గొంతు.

"ఏడుస్తూ నిలబడ్డావేమే! నేను చూసింది ఎనిమిదేళ్ళు గీశావు, చాలు! ఇక నువ్వు చూడు! నీ కళ్ళతో చూసి గీయి!"

చెంగల్వ తల దించి మడుగులోకి చూసింది.

కదలని నీళ్ళు. అస్తమయపు వెలుగు. అందులో తలకిందులుగా, నిలువెల్లా, వాడు. ఈసారి ఆమె వెనక్కి తగ్గలేదు. మాంత్రికుడి ఎడమకంటికి రెప్ప లేదు, గుడ్డు లేదు. పసుపుపచ్చటి గుంటలో పై నుంచి కిందికి నిలువునా ఒక నల్లటి చీలిక, పాముకున్నట్టు. ఆ చీలిక అటూ ఇటూ కదులుతోంది. ఆమెకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. అయినా అంగుళం అంగుళం చూసింది. కంటి మూల ముడత చూసింది, కింద తెల్లటి మచ్చ చూసింది. చాలు.

"పటం ఎత్తండి! నిలువుగా ఎత్తండయ్యా!" అని అరుస్తూ రేవులోకి దూకింది.

పటం మూడు కొసలు పట్టుకున్న ముగ్గురూ బెదిరిపోయి కూడా వదలలేదు, వాళ్ళు రేవు మనుషులు. నీళ్ళోడుతున్న పటాన్ని తలకెత్తి నిలబెట్టారు. కొప్పులోంచి కలం, నడుమునుంచి బుడ్డి. బట్టలో కరక్కాయ పసరు ఇంకా చావలేదు. నల్లరంగు తగిలితే అప్పటికప్పుడు అంటుకుంటుంది. ఆ కవలకన్ను మీద పైనుంచి కిందికి ఒకే ఒక్క గీత. కలం ఎత్తలేదు. మూలన ముడత, కింద మచ్చ.

జనం వైపునుంచి ఒక్కసారిగా హాహాకారం లేచింది. ఆకాశంలో వెయ్యి కుండలు పగిలినంత చప్పుడైంది. ధూమ్రజటి ఎడమసగం భళ్ళున బద్దలై, ముత్యాలు వానలా రాలాయి. నది అవతల గుహలోంచి రాయి పగిలిన చప్పుడూ, ఒక మనిషి కేకా వినిపించాయి. ఒంటిరెక్క మడతపడింది. చంకలోని రాటా, రాటకు కట్టిన ముసలాయనా, వాళ్ళ వెనకే మాంత్రికుడూ మకర మడుగు నట్టనడుమ పడ్డారు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి కూలాయి. గట్టు పొడుగునా దుంగల్లా పడి ఉన్నవి ఒక్కొక్కటే కళ్ళు తెరిచి నీళ్ళలోకి జారాయి.

ఓబుళాచార్యుడి కాళ్ళూ చేతులూ రాటకు కట్టే ఉన్నాయి. తెల్లటి తల ఒక్కసారి తేలి మునిగింది.

"గీశావా!" అన్న మాట మాత్రం వినబడింది.

చెంగల్వ కలాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టి, పారిపోయిన భటుడి బాకు ఒకటి గట్టు మీంచి తీసుకుని, కొంగు బిగించి మకర మడుగులోకి దూకింది. గీసిన కన్ను ఎలా వచ్చిందో తిరిగి చూసుకోలేదు.